బోర్డు మీద నవంబరు పంతొమ్మిది

తెనాలిలో మా ఆయన నాగూర్ బాషాకు పేరు తెచ్చింది కుట్టుమిషను కాదు, కొట్టు గుమ్మం పక్కనున్న నల్లబోర్డు. ఆ తేదీన లోకంలో ఏయే ఏడు ఏం జరిగిందో రోజూ పొద్దున్నే సుద్దముక్కతో రాసేవారు. జాకెట్టు కొలతలకు వచ్చినవాళ్లు కూడా అది చదివాకే లోపలికొచ్చేవాళ్లు.

నవంబరు పంతొమ్మిదిన మూడు వరసలు. ఇందిరమ్మ పుట్టినరోజు. మనుషులు రెండోసారి చంద్రుడి మీద దిగిన రోజు. 1977, దివిసీమ ఉప్పెన. మూడోది రాసి, చేతులు దులుపుకొని, రేపల్లె రైలెక్కేవారు. ఆయన మొదటి భార్య మదార్‌బీ రేపల్లె అవతల పుట్టింటికి వెళ్లి ఆ ఉప్పెనలోనే పోయింది.

మా నిఖా కూడా అదే తేదీన, 1985లో, బాపట్లలో. సఫర్ నెల మంచిది కాదని అది దాటేదాకా పెద్దలు నెలవంక చూసుకున్నారు గాని, ఇంగ్లీషు తేదీ ఎవరూ చూడలేదు.

మదార్‌బీ పోయిన రోజున చదివించే ఫాతెహా మా ముస్లిం నెలల లెక్కన ఏటా బక్రీదు ముందు వచ్చేది. ఆ రోజు బగారన్నం నేనే వండేదాన్ని. అది సరే. నవంబరు కూడా ఆమెకేనా? పోయినావిడకు ఏడాదిలో రెండు రోజులు, ఉన్నదానికి ఒక్కటీ లేదు.

అంగలకుదురు చెంచురామయ్య గారు బోర్డు చదివి ఆటపట్టించేవారు.

"ఏం బాషా, చంద్రుడి మీదికెళ్లినవాళ్లను రాశావు. నువ్వు బాపట్ల వెళ్లింది రాయవేం?"

"అది చరిత్ర కాదు బాబాయ్ గారూ, సంసారం."

నిరుడు మా ఆయన మంచం పట్టారు. సుద్దముక్క నా చేతికొచ్చింది. నవంబరు పంతొమ్మిదిన అన్నిటికన్నా పైన మా నిఖా రాసి, బోర్డు లోపలికి తెచ్చి చూపించాను.

"వరస తప్పింది యాస్మిన్. ఉప్పెన ముందు కదా."

"ఈ ఒక్కరోజు నేనే ముందండి."

"సరే, ఉండు" అని అటు తిరిగి పడుకున్నారు.

ఈ ఏడు బక్రీదు ముందు పోయారు. సరిగ్గా మదార్‌బీ ఫాతెహా నాడే. ఇకమీదట ఇద్దరికీ ఒకే రోజు, ఒకే పొయ్యి మీద వండాలి. కడకు ఆమె పక్కకే చేరారనిపించి, ఏడుపుకన్నా ముందు ఒళ్లు మండింది.

మొన్న నవంబరు పంతొమ్మిదిన బోర్డు రాసి గుమ్మం పక్కన పెట్టాను. చెంచురామయ్య గారు వచ్చి చదివారు.

"ఉప్పెన ఏదమ్మాయ్?"

"దానికి బక్రీదు ముందు ఫాతెహా ఉంది కదా బాబాయ్ గారూ. ఇది నా రోజు."

ఆయన కదల్లేదు. "బాషా అది రాయని ఏడాది లేదమ్మా" అన్నారు మెల్లగా.

సుద్దముక్క మళ్లీ తీశాను. మా నిఖా పైన చోటుంది, కాని ఇవ్వలేదు. అడుగున, చంద్రుడి కింద, సన్నగా ఉప్పెన రాశాను.