పెద్దనాయన కొబ్బరికాయల బేరం

మొన్న మా మనవరాలు స్నేహితురాళ్లతో కలిసి భీమిలి నుంచి విశాఖ దాకా సముద్రం వెంబడి నడిచొచ్చింది. ఫోన్‌లో ఫొటోలు చూపిస్తూ "అమ్మమ్మా, ఇసొంటి దారి నువ్వెన్నడు చూసుండవు" అంది. చూశాను. కాకపోతే ఆ దారిలో నేను సముద్రాన్ని చూసింది తక్కువ, మా పెద్దనాయన ముఖాన్ని చూసింది ఎక్కువ.

డెబ్బైల నాటి మాట. వరంగల్ చౌరస్తా దగ్గర పెద్దనాయనకు కొబ్బరికాయల దుకాణం. ఏటా మాఘమాసంలో "బేరానికి పోతాన" అని భీమిలి దిక్కు వెళ్లి, పది రోజులకు నల్లబడి వచ్చేవాడు. కాయలు లారీలో వాటంతటవే వస్తుంటే మనిషెందుకు పోవాలన్నది పెద్దమ్మ అనుమానం. పైగా వచ్చాక వారం రోజులు కూనిరాగాలు. "బేరం చేసొచ్చినోడు పాటలు పాడుతడా బిడ్డా?" అని నన్నడిగేది. అంగీ జేబులో ఒకసారి ఇసుక, ఇంకోసారి గవ్వ దొరికాయి. గవ్వలు ఆడవాళ్లే ఏరుతారని తేల్చేసింది. నా ఇంటర్ పరీక్షలైన మరుసటి ఏడు తానూ వస్తానంది, సాక్షిగా నన్నూ బయల్దేరదీసింది. పెద్దనాయన వద్దనలేదు. "ఒద్దనలేదు సూడు, ముందే అంత సర్దుకున్నడు" అంది నా చెవిలో.

భీమిలిలో బస్సు దిగి నడక మొదలుపెట్టాం. ఎడమ పక్క సముద్రం, కుడి పక్క ఎర్రమట్టి దిబ్బలు. మొదటి పల్లెలో ఒడ్డుకు లాగిన పడవల చాటు నుంచి పిల్లలు "తాతా!" అంటూ ఉరికొచ్చారు. పెద్దనాయన సంచీలోంచి పల్లిపట్టీలు తీసి పంచుతుంటే, పెద్దమ్మ ఒక్కొక్క పిల్ల ముక్కూ చెవులూ పరీక్షగా చూసింది. పోలికలేవీ దొరక్క ఇంకా కోపమొచ్చింది. రెండో పల్లెలో చేపలు ఎండబెడుతున్న ఒక నడివయసు ఆమె లేచి నిలబడి, "ఏటి బాబూ, ఈ యేడు ఆలీసమైపోనావు?" అంది. పెద్దమ్మ నా చెయ్యి గిల్లిన చోట రెండు రోజులు నొప్పి పోలేదు.

ఆమె చాప పరిచి ఉడికిన తేగలు పెట్టింది. పెద్దమ్మ ముట్టలేదు. సూటిగా అడిగేసింది: "ఈయన నీకేమైతడు?"

ఆమె ఫక్కున నవ్వింది. "ఏటవుతాడమ్మా? యేడాదికోసారి ఒస్తాడు. సెప్పులిప్పి ఒడ్డంట నడుస్తాడు, పడవలు సూస్తాడు, ఎల్పోతాడు."

"మరి కొబ్బరికాయల బేరం?"

"మా ఊల్లో ఉన్నియి తాటిసెట్లే కదమ్మా."

పెద్దనాయన తల దించుకున్నాడు. "ఉత్తగ నడువనీకి పోతానంటే బజారంత నవ్వదా? దుకాణంల కూసుండి కూసుండి కాళ్లున్నయన్న సంగతే మర్శిపోయిన" అన్నాడు.

ఇక పెద్దమ్మ మనసు కుదుటపడుతుందనుకున్నాను. ఆమె కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చింది. "ఇంకొకతి ఉన్నదన్నా ఇంత బాధ గాకపోవు. ఇంత మంచి జాగ ఉంటే, ఇన్నేండ్లల్ల నన్నొక్కపారన్న తోల్కరాలే."

 పెద్దమ్మ కళ్లు తుడుచుకుని లేచి, చెప్పులు నా చేతికిచ్చి, తడి ఇసుక మీద ముందు నడిచింది. ఆయన నాలుగడుగులు వెనక నడిచాడు. సాయంత్రానికి గాని పక్కన నడవనివ్వలేదు.

తర్వాత ఏటా ఇద్దరూ కలిసే వెళ్లారు. ఎక్కడికని ఇరుగుపొరుగు అడిగితే, "బేరానికి" అని పెద్దమ్మే ముందు చెప్పేది. అనుమానం తీరడానికి ఒక్క పూట చాలింది. అంతకుముందు పెద్దమ్మ ఏటా ఆ పది రోజులూ ఒంటరిగా తలుపు వైపు చూస్తూ గడిపిన ఏండ్లను మాత్రం, ఎంత దూరం నడిచినా ఆ ఇద్దరూ వెనక్కి తెచ్చుకోలేకపోయారు.