బెల్లం నీళ్లు వద్దన్న పూట

1946 చలికాలంలో నన్ను జహీరాబాదు సర్కారు దవాఖానాకు పంపారు. అప్పుడు నేను హైదరాబాదులోని ఒక పరిశోధనశాలలో రసాయన సహాయకుణ్ణి. శరీరం రక్తంలోని చక్కెరను ఎలా అదుపులో ఉంచుకుంటుందన్నదే మా పరిశోధన. మధుమేహం ఉన్నవాళ్లను పరగడుపున రప్పించి రక్తం తీసేవాళ్లం. గ్లూకోజు నీళ్లు తాగించి, అరగంటకొకసారి మళ్లీ తీసేవాళ్లం. ఆ రక్తానికి రసాయనాలు కలిపితే నీలం రంగు తేలుతుంది. రంగు ముదిరితే చక్కెర ఎక్కువని లెక్క.

దర్జీ ఖాజా మియాకు మా కాంపౌండరు రోజూ పొద్దున ఇన్సులిన్ సూది వేసేవాడు. రక్తంలో చక్కెరను దించే మందు అది. ఒకరోజు ఆయన్ను పరగడుపున పరీక్షకు రమ్మన్నాను. ఆ పూట సూది ఆపమని కాంపౌండరుకు చెప్పాల్సిందీ నేనే. మరిచిపోయాను.

పరీక్షలు చేయించే డాక్టరుగారు రోగిని చూడటానికి చిరాగ్‌పల్లి వెళ్లి ఇంకా తిరిగి రాలేదు. ఆయన లేకుండా పరీక్ష మొదలుపెట్టే అధికారం నాకు లేదు. గంట దాటింది. ఖాజా మియాకు చెమటలు పట్టాయి, చేతులు వణికాయి. పక్కనున్న భార్య ఫాతిమాబీని చూసి, “ఎవరు నువ్వు?” అని కసిరాడు.

ఫాతిమాబీ పక్కింటికి పరుగెత్తి గ్లాసుతో వచ్చింది.

“సారూ, జర బెల్లం నీళ్లు తాపనియ్యున్రి. పొద్దుగాల్నుంచి ఏం తినలే.”

నేను గ్లాసుకు చెయ్యి అడ్డం పెట్టాను. “చక్కెర జబ్బు మనిషికి బెల్లమా? చంపుకుంటవా అమ్మా?”

సర్కారు మనిషి మాట కాదనలేక గ్లాసు కింద పెట్టింది. కాసేపటికే ఆయన బల్ల మీది నుంచి జారిపడ్డాడు. పళ్లు గిట్టకరుచుకుపోయాయి.

అప్పుడే వచ్చిన డాక్టరుగారు ఒక్కటే అడిగారు, పొద్దున సూది పడిందా అని. “వేసిన సార్” అన్నాడు కాంపౌండరు. డాక్టరు నరం నుంచి కొంచెం రక్తం తీసి నా చేతికిచ్చి, అదే నరంలోకి గ్లూకోజు ఎక్కించారు. కొన్ని నిమిషాలకు ఖాజా మియా కళ్లు తెరిచి, “గింతమంది ఎందుకు జమైన్రు?” అన్నాడు.

ఆ రక్తాన్ని పరీక్షించాను. గొట్టంలో నీలం జాడ కూడా సరిగా లేదు. రసాయనాలు పాడయ్యాయేమోనని మళ్లీ చేశాను. అప్పుడూ అంతే. ఆయన రక్తంలో చక్కెర దాదాపు అడుగంటింది.

“గప్పుడే తాపితే గింత దాంక వస్తుండెనా సారూ?” అని అడిగింది ఫాతిమాబీ.

“వచ్చేది కాదమ్మా” అన్నాను.

తప్పు నాదేనని నివేదికలో రాశాను. ఇన్సులిన్ పడ్డ మనిషిని పస్తు ఉంచకూడదనీ, చెమటలు పడితే వెంటనే చక్కెర ఇవ్వాలనీ నేను అంతకుముందే చదివాను. చదివింది కళ్లెదుట జరిగినప్పుడు పోల్చుకోలేకపోయాను. ఆ తరువాత ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ, సూది సంగతి అడగకుండా ఎవరినీ పరగడుపున కూర్చోబెట్టలేదు.