మైలవరం అమ్మమ్మ తలుచుకుంది

బందరు రోడ్డు మీద సాయంత్రం పూట ఇసుకలో వేయించే వేరుశనక్కాయల వాసన తగిలితే చాలు, మోకాళ్ళ నొప్పులు మరిచి అవతలి పక్కకి దాటిపోతాను. మా ఆవిడ ఎందుకని అడగదు.

ఆ వాసనతో గుర్తొచ్చే బాల్యం నాది కాదు, మా మనవరాలు చిన్నిది. తొంభైల్లో, కంకిపాడు ఇంట్లో, కుప్పనూర్పుల రోజుల్లో కొత్త గడ్డి వాసనా, బెల్లం పాకం వాసనా కలిసి వీధి దాకా వచ్చేవి. మా ఆవిడ అరుగు మీద కూర్చుని వేయించిన కాయలు ఒలిచి, చేటలో పొట్టు ఊదుతుంటే, నాలుగేళ్ళయినా నిండని చిన్ని దోసెడు గుళ్ళు నోట్లో పోసుకుని కోడిపిల్లల వెంట పరిగెత్తేది. అలా పరిగెత్తుతూనే ఒకరోజు దగ్గింది, కళ్ళు తేలేసింది.

“పొలమారింది. మైలవరం అమ్మమ్మ తలుచుకుంటోందే,” అంటూ మా ఆవిడ దాని మాడు మీద తట్టింది.

“తలుచుకుంటే ఇంత దగ్గా? మా వియ్యపురాలు మనల్ని తిట్టుకుంటోంది,” అన్నాను. కోడలితో సహా నవ్వాం. దగ్గు ఆగింది.

తర్వాత పిల్లికూతలు మొదలయ్యాయి. ఉబ్బసమన్నారు. తమలపాకులకి ఆముదం రాసి వెచ్చచేసి గుండెల మీద వేశాం, సీసాలకి సీసాలు మందు తాగించాం. ఎక్స్‌రేలో ఏమీ లేదు. పిల్ల ఏమన్నా మింగిందా అని అడిగిన ప్రతి డాక్టరుకీ లేదండీ అనే చెప్పాం. మా ఇంట్లో పొలమారడం జబ్బు కాదు, చుట్టాల కబురు.

జ్వరం దిగని పిల్లని బెజవాడ తీసుకెళ్తే, అక్కడి డాక్టరమ్మ వీపు మీద గొట్టం ఆనించి చాలాసేపు విన్నది.

“కుడి పక్క గాలే ఆడట్లేదు. తింటుంటే ఎప్పుడన్నా పొలమారిందా అమ్మా?”

కోడలి చెయ్యి దానంతటదే పిల్ల మాడు మీదికి వెళ్ళింది. “పొలమారిందండీ. మా అమ్మ తలుచుకుందనుకున్నాం.”

“గింజలు ఎక్స్‌రేలో కనపడవమ్మా.”

మత్తిచ్చి, గొంతులోంచి గొట్టం దించి, బాదంకాయంత గింజ తీశారని ఇన్నేళ్ళూ అందరికీ చెప్తూ వచ్చాను. అంత లేదు. అర బద్ద. నాని ఉబ్బి కూడా నా చిటికెన వేలి గోరంత లేదు. అంతదానికి పిల్ల పోయిందంటే నాకే నమ్మబుద్ధి కాక పెంచుకుంటూ పోయాను. గింజ బయటికొచ్చేసరికే ఊపిరితిత్తి చీముపట్టింది.

ఆ అరుగు లేదు, ఆ చేట లేదు. మొన్న కాఫీ తాగుతుంటే నాకు పొలమారింది. కోడలు గరిటె పట్టుకునే వంటింట్లోంచి వచ్చి నిలబడింది. దగ్గు ఆగేదాకా తనూ మా ఆవిడా నా నోటివంకే చూశారు. తలుచుకుంటున్నదెవరో మా ఇంట్లో ఇప్పుడు ఎవరూ అనరు.