మెరుపు లేని కళ్ళు

తిరుమలగిరిలో ఉండే ఒక రిటైర్డ్ జవాను తన కుక్క ఫోటో తెచ్చి, పెన్సిల్‌తో బొమ్మ గీసివ్వమన్నాడు. సైన్యంలో దానికి శిక్షణ ఇచ్చింది ఆయనే. అది రిటైరయ్యాక ఇంటికి తెచ్చుకున్నాడు. అది కిందటి నెలలో చనిపోయింది.

పది రోజులు కూర్చుని ఒక్కో వెంట్రుకా గీశాను. కళ్ళలో మెరుపు కోసం కాగితాన్ని చుక్కంత తెల్లగా వదిలాను. ఆ మెరుపు చూసుకుని నాకు కాస్త గర్వంగానే ఉండేది.

ఆయన వచ్చి బొమ్మను చాలాసేపు చూశాడు.

"మంచిగ గీసినవ్ బిడ్డా. కానీ ఇది మాది కాదు."

"ఫోటోలో ఇలాగే ఉంది కదా అంకుల్?"

"ఫోటో పాతది. ఆఖరి రెండేండ్లు దానికి కండ్లు కనవడలే. నా చెప్పుల సప్పుడు ఇని గిట్ల తల ఎత్తేది. నాకు గదే యాదికొస్తది."

ఆయన గడ్డం పైకెత్తి, తల కాస్త పక్కకు వంచి చూపించాడు.

కొత్త కాగితం తీసుకున్నాను. ఈసారి చెవులు రిక్కించి తలెత్తిన కుక్కను గీసి, కళ్ళమీద పల్చగా బూడిదరంగు పరిచాను.

వారం తర్వాత ఆయన మా ఇంటికి వచ్చి, ఆ బొమ్మను ఒళ్ళో పెట్టుకుని, దాన్ని పేరుపెట్టి మెల్లగా పిలిచాడు. నేను మంచినీళ్ళు తెస్తానని వంటింట్లోకి వెళ్ళి, ఆయన కళ్ళు తుడుచుకునేదాకా అక్కడే నిలబడ్డాను.