లక్క ఊడిన సీసా

ఇలా దగ్గరగా జరిగి కూర్చోండమ్మా. చేతిలో పనుంటే చేసుకుంటూనే వినండి. కల్తీ చట్టం కొత్తగా వచ్చిన రోజుల్లో, ఆదోనిలో నన్ను కుదురుగా కూర్చోనివ్వని ఒక సీసా సంగతి ఇది.

నేను మూడో తరగతితో బడి మానేసినదాన్ని. కానీ విన్నదీ చూసిందీ మరిచిపోను. అందుకే పిల్లల బలానికని రాగిపిండి చేయించి అమ్మే సావుకారు నన్ను తన కొట్టంలో పెట్టుకున్నాడు. మొలకరాగులు, వేయించిన పప్పు. డబ్బా మీద రాయనిది లోపల పడకుండా చూడటం నా పని.

ఒకరోజు ఇనస్పెక్టరు సారు వచ్చి ఒక డబ్బా విప్పించాడు. పిండిని మూడు సీసాల్లో పోసి, మూతల మీద లక్క కరిగించి ముద్ర వేశాడు. ఒకటి పరీక్షకు, ఒకటి ఆయనకు, ఒకటి మాకు.

"పరీక్షలో తప్పు తేలితే మీ సీసానే మీకు సాక్షి. ముద్ర ఊడితే సాక్షి లేనట్టే," అన్నాడు.

కొట్టంలో ఎలుకలు. సావుకారు ఆ సీసా నా చేతికిచ్చాడు. "నీ ఇంట్లో పెట్టుకోమ్మా. పిలగాల్లకు అందకుండా సూడు."

గూట్లో పైన పెట్టాను. పిల్లలకు అందలేదు. ఎమ్మిగనూరు నుంచి వచ్చిన మా అత్తకు అందింది. సాయంత్రం నేను వచ్చేసరికి సీసా కడిగి బోర్లించి ఉంది. పిండి బండ మీద, తెల్లగుడ్డలో ఆరుతోంది.

"ఏం పని సేసినావత్తా?"

"మూసి పెడితే పురుగు పట్టదా? ఎండకు పోసినా. రెండు యాపాకులు ఏసి పెడ్తాలే."

"అది సర్కారు సీసా అత్తా."

"సర్కారు సీసా అని పురుక్కు తెలుస్తాదా?"

ఆమెను ఏమనేది? పిండి కనబడితే మా ఇళ్లలో పెద్దవాళ్లు చేసే పనే అది. లక్క కొని అంటిద్దామా అనుకున్నాను. ముద్ర యాడ తెచ్చేది? నాలుగు రోజులు ఎవరికీ చెప్పలేదు. పని పోతుందని భయం. వండుతూ లేచి గూడు చూసేదాన్ని, పడుకొని లేచి చూసేదాన్ని.

ఐదోనాడు అత్తే అంది. "కాలుగాలిన పిల్లి మాదిరి ఏం తిరుగుడే అమ్మీ? ఆ పిండేమన్నా బాగుందా? ఆపొద్దే నోట్లో ఏసుకుంటి. కరకర అంటాంది."

చిటికెడు నమిలాను. రాయి తగిలింది.

అప్పుడు ఆ పిండి ఆడించిన రోజు కళ్లముందుకొచ్చింది. ముందురోజే మర రాళ్లకు కక్కు కొట్టించారు, అంటే అరిగిన రాళ్లకు ఉలితో గాట్లు పెట్టించారు. ఇంట్లో తిరగలికి కక్కు కొట్టిస్తే ముందు గుప్పెడు తవుడు విసిరి పారేస్తాం, రాతిపొడి పోవాలని. మర దగ్గర ఎవరో ఒకరు ఆ పని చేసే ఉంటారనుకున్నాను. అడగలేదు.

తెల్లారి సీసా తీసుకొని సావుకారు దగ్గరికి పోయాను. ఆయన పిండిలో అత్త వేసిన వేపాకుల కేసి చూశాడు.

"ఉప్పు గూడా ఏసింటే సరిపోయుండు గదమ్మా."

రాయి సంగతి చెప్పాను. చిటికెడు నోట్లో వేసుకొని, నమలడం ఆపేశాడు.

"రిపోర్టు వచ్చేదాంక ఎవురికి తెలుస్తాది?" అన్నాడు మెల్లగా.

"తినే పిలగాల్లకు తెలుస్తాది గదన్నా."

వాకిలిదాకా పోయి వచ్చాడు. మళ్లీ పోయి వచ్చాడు. "నువ్వే పో. యా అంగడికి ఎన్ని పోయినాయో నీకే గుర్తుంటాది."

బస్సెక్కి ఎమ్మిగనూరు పోయాను, ఆడనుంచి గోనెగండ్ల. అంగళ్లలో ఉన్న డబ్బాలన్నీ వెనక్కి తీసుకున్నాను. ఒకటి మాత్రం అప్పటికే ఒక కూలి ఇంటికి పోయింది. వెతుక్కుంటూ పోయి చెబితే ఆ తల్లి డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టింది.

"పాప ఊరికే ఉమ్మేస్తాంటే రెండు తగిలిచ్చినా గదక్కా," అంది.



తర్వాత రిపోర్టు వచ్చింది. రాతిపొడి ఉందని రాశారు. సారు వస్తే సీసాను వేపాకులతో సహా ఇచ్చి, జరిగింది చెప్పాను. తిరిగొచ్చిన డబ్బాలు సావుకారు చూపించాడు. అయినా జరిమానా తప్పలేదు. నా పని మాత్రం పోలేదు. కక్కు కొట్టించిన ప్రతిసారీ మొదటి గంప పిండి నేను నిలబడి పారబోయించేదాన్ని. మిగతాది నమిలి చూశాకే డబ్బాలకెత్తనిచ్చేదాన్ని.

ఇప్పుడు నమలడానికి పళ్లు లేవు. పిండి కనబడితే మాత్రం చెయ్యి ఊరుకోదు, వేళ్ల మధ్య నలిపి చూస్తుంది.

మీ ఇంటి పిండి మెత్తగా ఉండాలి తల్లీ. మీ పిల్లల ముద్దలో రాయి తగలకూడదు. తగిలి వాళ్లు ఉమ్మేస్తే, కొట్టకముందు నోట్లో వేసుకొని చూసే బుద్ధి మీ ఇంట్లో అందరికీ ఉండాలి. చల్లగా ఉండండి.