పులివెందులకు ఒక క్యాసెట్

పోయిన నెల పులివెందుల నుంచి సువార్త ఫోన్ చేసింది. దత్తత కుటుంబాల మీద నేను పరిశోధన మొదలుపెట్టిన రోజుల్లో, జమ్మలమడుగులో వాళ్లమ్మ కరుణమ్మను ఇంటర్వ్యూ చేశాను. అప్పుడు సువార్త ఉయ్యాల్లో ఉంది. ఇప్పుడు వ్యవసాయ సహాయకురాలు. స్కూటీ మీద అరటితోటలు తిరగడం ఆమె ఉద్యోగం. కరుణమ్మ పోయి రెండేళ్లయింది.

"ఇంట్లో ఫోటోలు శానా ఉండాయి మేడమ్. అమ్మ గొంతు మాత్రం యాడా ల్యా. మీ కాడ ఉంటాదేమోనని చేసినా," అంది.

ఉంది. కానీ ఆ టేపు నేను తప్ప ఎవరూ వినరని కరుణమ్మకు రాసి సంతకం పెట్టి ఇచ్చాను. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఆ మాట ఎక్కడా తప్పలేదు. రిటైరయ్యేముందు తప్పాలంటే కనీసం ఆమె భర్త జయరాజు సారునైనా అడగాలి. ఫోన్లో అడిగే సంగతి కాదు. అందుకే బయల్దేరాను.

శనివారం ఉదయం ఆరింటికి తిరుపతిలో రైలెక్కితే తొమ్మిదిన్నరకు ఎర్రగుంట్ల. అక్కడి నుంచి ప్రొద్దుటూరుకు బస్సు. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు సున్నా టికెట్టు. కార్డు మాత్రం బ్యాగు అడుగున పెట్టుకోకండి. కండక్టరు చూస్తుండగా నేను దువ్వెనతో సహా అన్నీ బయటికి తీశాను. బయటపడ్డ వాటిలో క్యాసెట్ చూసి, భక్తి పాటలా అని పక్క సీటావిడ అడిగింది. నా పనేమిటో చెప్పాను. "మా చిన్నోన్ని మా ఆడబిడ్డ పెంచుకుండాది. వాడు నన్ను అత్తా అంటాడు," అందావిడ. బాగా చదువుతాడని కూడా చెప్పింది.

ప్రొద్దుటూరులో ముందు కారం దోశ తిన్నాను. కళ్లలో నీళ్లు తిరిగాయి, అయినా ఇంకోటి చెప్పాను. ఆ తర్వాత నగల దుకాణాల వీధి దాటి సందులో ఉన్న రఫీ కొట్టుకి వెళ్లాను. కువైట్‌లో పదేళ్లు పనిచేసి వచ్చిన రఫీ పాత టేప్‌రికార్డర్లు బాగుచేస్తాడు. క్యాసెట్‌ను ఫోన్‌లోకి ఎక్కించాలి, కానీ మీరు వినకూడదు అన్నాను. అతను నవ్వి, హెడ్‌ఫోన్లు నాకే ఇచ్చాడు. కంప్యూటర్ తెరమీద లేచిపడే గీతలు చూసుకుంటూ పని కానిచ్చాడు. "మనిషి నిదానంగా మాట్లాడతాంది మేడమ్. గీతల్లో తెలుస్తాది," అన్నాడు.

పన్నెండుంబావు బస్సెక్కి ఒంటిగంటకు జమ్మలమడుగులో దిగాను. దిగీ దిగగానే ఆటోవాళ్లు గండికోటా మేడమ్ అంటూ చుట్టుముట్టారు. చర్చి వెనక వీధి అనేసరికి ఒక్కడే మిగిలాడు.

జయరాజు సారు మిషన్ స్కూల్లో టీచరుగా చేసి రిటైరైన మనిషి. జొన్నరొట్టె, ఊరిబిండి పచ్చడి పెట్టి, నేను తినేదాకా నా రాకకు కారణం అడగలేదు. విషయం చెప్పగానే ఆయన ముఖం మారింది.

"దాంట్లో ఆ పద్దినాల సంగతి ఉండాదా మేడమ్?"

నేను ఉందనీ లేదనీ చెప్పలేను. ఆ మాటే చెప్పాను. ఆయనే చెప్పుకొచ్చారు. శిశుగృహ నుంచి బిడ్డను తెచ్చాక పది రోజులు కరుణమ్మ ఎత్తుకోనే లేదట. తీసుకెళ్లి ఇచ్చిరమ్మని ఏడ్చిందట. ఈ సంగతి సువార్తకు తెలియకుండా ఇన్నేళ్లు కాపాడుకొచ్చాననీ, తల్లి లేనప్పుడు తెలిస్తే బిడ్డ తట్టుకోలేదనీ ఆయన భయం.

ముందు మీరు వినండి, తర్వాత మీ ఇష్టం అన్నాను. ఫోన్ ఆయన చేతికిచ్చి వాకిట్లోకి వెళ్లి కూర్చున్నాను. లోపల కరుణమ్మ గొంతు మొదలైంది. అయిపోయింది. మళ్లీ మొదటి నుంచి మొదలైంది. రెండోసారి అయ్యాక సారు ఉతికిన చొక్కా తొడుక్కుని బయటికొచ్చారు.

"పాండి మేడమ్. నేనే చెప్తా దానికి."

మూడింటి బస్సు ముద్దనూరు మీదుగా ఐదు దాటాక పులివెందుల చేరింది. దారి పొడుగునా సారు ఎలా మొదలుపెట్టాలో నన్నే అడిగారు. దత్తత గురించి పిల్లలకు ఎలా చెప్పాలో నేను వ్యాసాలు రాశాను. వాటిలో ఒక్క వాక్యం కూడా అక్కరకు రాలేదు.

సువార్త అప్పుడే డ్యూటీ నుంచి వచ్చి చెప్పులకంటిన బురద కడుగుతోంది. సారు మంచినీళ్లు కూడా తాగకుండా మొదలుపెట్టారు.

"అమ్మా, నీకొక సంగతి చెప్పాల. నిన్ను తెచ్చినప్పుడు, మీయమ్మ..."

"పద్దినాలు ఎత్తుకోల్యా, అదే గదా నాయనా?" అంది సువార్త. "నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడే అమ్మ చెప్పింది. పదకొండో దినం నేను అమ్మ కొత్త చీర మీద కక్కినానంట. ఇంగ యాడికి పంపేదని ఎత్తుకునిందంట."

సారు కుర్చీ లాక్కున్నారు. "నాకెందుకు చెప్పల్యా?"

"మీ నాయన బాధపడతాడు, చెప్పొద్దు అనింది."

ఆయన కుర్చీలో కూలబడి, ముందు నవ్వి, తర్వాత కండువాతో ముఖం కప్పుకున్నారు. సువార్త వచ్చి ఆయన పక్కనే నేల మీద కూర్చుంది. నేను ఫోన్ మధ్యలో పెట్టాను.

పది రోజుల మాట వచ్చినప్పుడు సువార్త తెలుసన్నట్టు తలూపింది. ఒకచోట కరుణమ్మ నా ప్రశ్నకు జవాబు చెబుతూ ఆగి, "ఉండండి మేడమ్, పాలు పొంగుతాండాయి," అని లేచి వెళుతుంది. గిన్నె చప్పుడు, గాజుల చప్పుడు. ఉయ్యాల్లో బిడ్డ కదిలితే, వంటింట్లోంచే "వస్తాండా బంగారూ, వస్తాండా," అంటుంది.

సువార్త వెంటనే అక్కడే ఆపి, మళ్లీ పెట్టింది. నాలుగుసార్లు విని, అప్పుడు ఏడ్చింది.

ఆ రాత్రి వాళ్లింట్లోనే పడుకుని, ఆదివారం పొద్దున ఏడింటికి కడప బస్సెక్కాను. సువార్త ఇచ్చిన అరటిగెల సీటు కింద పట్టక ఒళ్లోకి వచ్చింది. కండక్టరు దానికీ ఆధార్ ఉందా అని అడిగి వెళ్లాడు. నేను మాత్రం నా సిద్ధాంతవ్యాసం గురించే ఆలోచిస్తున్నాను. పేరు మార్చి, కరుణమ్మ మాటలన్నీ అందులో అక్షరం పొల్లుపోకుండా ఎక్కించాను. పాలు పొంగినచోట మాత్రం 'అంతరాయం' అని ఒక్క ముక్క రాసి వదిలేశాను. అలాంటి అంతరాయాలు ఇంట్లో బీరువా నిండా క్యాసెట్లలో ఉన్నాయి.

కడప చేరేలోపే రఫీకి ఫోన్ చేసి, ఒక పెట్టెడు క్యాసెట్లు తెస్తానని చెప్పాను.