తాళం వేసిన బొమ్మల పుస్తకాలు

ఆ వయసులో నాకు కోపం రావడానికి పెద్ద కారణాలేమీ అక్కర్లేదు. బస్సు ఆగాల్సిన చోటు దాటి పది అడుగులు ముందుకెళ్ళి ఆగినా, చాయ్‌లో చక్కెర తక్కువైనా సరే, వచ్చేసేది. ఇరవై రెండేళ్ళ మనిషికి న్యాయమంతా తన వైపే ఉందన్న నమ్మకం ఎక్కడి నుంచి వస్తుందో తెలియదు గానీ, నా దగ్గర మాత్రం అది నిండుగా ఉండేది. అయితే ఇప్పుడు చెప్పబోయేది అలాంటి చిల్లర కోపం కాదు. దీనికి గట్టి కారణముంది. ఇన్నేళ్ళయినా తలుచుకుంటే చెవులు వేడెక్కుతాయి.

లాల్‌దర్వాజాలో, రెండు స్కూటర్లు ఎదురైతే ఒకటి వెనక్కి పోక తప్పనంత ఇరుకు గల్లీలో ఒక చిన్న బడి. అక్కడ ఎల్‌కేజీ టీచరుగా నా మొదటి ఉద్యోగం. పాత ఇంటినే బడిగా మార్చారు కాబట్టి మా తరగతి ఒకప్పటి వంటింట్లో ఉండేది. (అందుకేనేమో పిల్లలకు పది గంటలకే ఆకలేసేది.) బడి నడిపే ఆవిడను అందరం పెద్ద మేడం అనేవాళ్ళం. మా గదిలో గోడకు ఆనించి ఒక అద్దాల బీరువా, దాని నిండా రంగురంగుల బొమ్మల పుస్తకాలు. ముందు వరుసలో ఒక అట్ట మీద ఏనుగు స్నానం చేస్తుండేది, ఇంకో దాని మీద కోతి గొడుగు పట్టుకుని ఉండేది. బీరువాకు తాళం. తాళంచెవి పెద్ద మేడం కొంగుకు. పిల్లల్ని చేర్పించడానికి ఎవరైనా వస్తే, "మా దగ్గర గివన్నీ ఉన్నయి" అని దూరం నుంచి చూపించేవారు. మా పిల్లలు పొద్దున్నే వచ్చి ముక్కులు అద్దానికి ఆనించి నిలబడేవాళ్ళు. సాయంత్రానికి అద్దం మీద ఇరవై చిన్న ముక్కుల గుర్తులు. అవి చూసినప్పుడల్లా నా ఒళ్ళు మండిపోయేది.

"మేడం, ఒక్క పుస్తకం తీసియ్యండి, పిల్లలకు చూపిస్త" అని వారానికి రెండుసార్లు అడిగేదాన్ని.

"చింపుతరమ్మా. అద్దంలకెల్లి కనిపిస్తనే ఉన్నయి గద!"

"అట్టలు కనిపిస్తయి మేడం. లోపల ఏమున్నదో ఎట్ల తెలుస్తది?"

"బొమ్మలు జూస్తె చదువొస్తదా? పలక మీద దిద్దియ్యి, పో."

అలా నాలుగు నెలలు గడిచాక ఒక రోజు, పుస్తకాలు ఇవ్వకపోతే పోనీ, నేనే చూపిస్తానని పంతం పట్టి ఇంటి నుంచి ఒక డబ్బా తీసుకెళ్ళాను. అందులో శనగలు, పెసలు, రాజ్మా, బఠానీలు కలిపేశాను. చాప మీద పోసి, "ఏ గింజలు ఆ గింజలు వేరు చేయండి" అన్నాను. అంతవరకు అరుపులు తప్ప ఏమీ వినిపించని గదిలో నిశ్శబ్దం. ఇరవై మందీ నాలుకలు బయటపెట్టుకుని మరీ ఏరుతున్నారు. లెక్క వచ్చింది, రంగు వచ్చింది, చిన్నా పెద్దా తేడా తెలిసింది. (ఒకడి ముక్కులోకి బఠానీ కూడా వెళ్ళింది. తుమ్మించి తీశాం.) నా గెలుపుకు నేనే మురిసిపోయి, బడి వదిలేముందు, "ఇంట్ల గూడ గిట్లనే చేయండి!" అన్నాను. ఆ ఒక్క మాట అనకుండా ఉండాల్సింది.

మర్నాడు పొద్దున గేటు దగ్గర తల్లులు, నానమ్మలు కలిసి పదిమంది దాకా ఉన్నారు. అందరి చేతుల్లో సంచులో, డబ్బాలో. అందరికంటే ముందు మా మున్నీ వాళ్ళ నానమ్మ, దాదీ. మున్నీ మా తరగతిలో అందరికంటే చిన్నది, దాదీ ఆ గల్లీలో అందరికంటే పెద్ద గొంతు.

"నువ్వేనా టీచరమ్మా? ఏం నేర్పిస్తున్నవ్ పోరగాళ్ళకు? మా మున్నీ బియ్యం డ్రమ్ముల కందిపప్పు మొత్తం గుమ్మరించింది! ఏందే అంటే 'టీచర్ బోలే దాదీ' అంటది, నువ్వే చెప్పినవంట!"

"వేరు చేస్తె చేతులకు మంచిగ పని…" అని ఏదో మొదలుపెట్టాను.

"చక్కెరల ఉప్పు గూడ కలిపింది. గది ఎట్ల ఏరుతవ్? బోలో, ఏరి చూపియ్యి!"

ఉప్పూ చక్కెరా వేరు చేయడం నాకు రాదు. ఇప్పటికీ రాదు. ఇంతలో పెద్ద మేడం వచ్చి, అందరి ముందు, "మాఫీ అడుగు. లేకపోతె రేపటి సంది రాకు" అన్నారు. ఉద్యోగం పోతే ఇంట్లో ఏం చెప్పాలో తెలియదు. అయినా నోరు ఊరుకోలేదు.

"అడగను మేడం! బీరువ నిండ పుస్తకాలు వెట్టి తాళమేసిన్రు. నేను గింజలు తేక ఏం తేవాలె?"

దాదీ అరుపు ఆపి నా వైపు చూసింది. తర్వాత పెద్ద మేడం వైపు తిరిగింది. "ఏం పుస్తకాలు? పిల్లలకు గాకపోతె ఎవరికి? తియ్యుండ్రి, మేం గూడ చూస్తం." వెనకున్న వాళ్ళంతా తమ సంచుల సంగతి మరిచిపోయి, తియ్యండంటే తియ్యండని లోపలికి వచ్చేశారు. పెద్ద మేడం కొంగు ముడి విప్పి తాళం తీశారు. ఏనుగు పుస్తకం పట్టుకుని లాగితే అట్ట మాత్రమే చేతికొచ్చింది. వెనకాల పేజీలు లేవు. మన్ను. గోడలోంచి వచ్చిన చెదలు వెనక నుంచి తింటూ ముందు అట్టల దాకా వచ్చి ఆగాయి. కోతిదీ అంతే. చేతికందినవన్నీ అంతే. పిల్లలు మాత్రం "టీచర్, పురుగులు! మస్తున్నయ్!" అంటూ ఎగబడి, వేళ్ళతో లెక్కపెట్టడం మొదలుపెట్టారు.

అప్పుడు వచ్చినంత కోపం నాకు ముందెప్పుడూ రాలేదు, తర్వాతా రాలేదు. అద్దానికి ఆనిన ఆ ముక్కులన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. "పోనీలెండి మేడం," అన్నాను గట్టిగా, అందరికీ వినపడేలా. "పిల్లలు చింపుతరని ఇయ్యకపోతిరి. చెదలన్న మంచిగ చదువుకున్నయి!"

గది గదంతా నవ్వింది. దాదీ అయితే గోడ పట్టుకుని నవ్వింది. పెద్ద మేడం అట్ట చేతిలో పట్టుకుని పిల్లల చిన్న కుర్చీలో కూర్చుండిపోయారు. పక్కనున్న నాకు మాత్రమే వినపడేలా, "నా చిన్నప్పుడు నాకు ఒక్క బొమ్మల పుస్తకం లేకుండెనమ్మా. గీళ్ళకన్న ఉండాలె అని కొన్న. పాడైతయని భయం" అన్నారు. జాలి పడాల్సింది. కానీ నిజం చెప్పాలి కదా, నిక్షేపంలాంటి నా కోపాన్ని పాడుచేసినందుకు ఆవిడ మీద ఇంకోసారి కోపమొచ్చింది.

నన్ను తీసేయలేదు. కింది అరలో నాలుగు పుస్తకాలు మిగిలితే, మర్నాడు ఆవిడే తెచ్చి చాప మీద పెట్టారు. వారం తిరక్కుండా పిల్లలు రెండింటిని చింపారు. చిరిగిన చప్పుడు వినపడ్డప్పుడల్లా పెద్ద మేడం కళ్ళు గట్టిగా మూసుకునేవారు, తర్వాత టేపు తెచ్చి అతికించేవారు. ఆ ఉప్పూ చక్కెరా నీళ్ళలో కలిపి, నిమ్మకాయ పిండి, దాదీ నాకొక సీసా షర్బత్ పంపింది. (కొంచెం ఉప్పెక్కువే, అయినా తాగాను.)

నేనన్న ఆ చెదల మాట బ్రహ్మాండంగా పేలిందని చాలా ఏళ్ళు గర్వపడ్డాను, కనపడ్డవాళ్ళందరికీ చెప్పుకున్నాను. ఆవిడకు మాత్రం ఒక్క మంచి మాట చెప్పకుండానే ఆ బడి వదిలేశాను. తాళం వేసినందుకు నా కోపం ఈ రోజుకీ తగ్గలేదు, తగ్గనివ్వను కూడా. కానీ ఆ ఇరవై రెండేళ్ళ పిల్ల, అప్పటి నేను, ఎక్కడైనా ఎదురుపడితే, ఆ మాట అనే ముందు ఆవిడ మొహం ఒకసారి చూడవే అని చెప్పాలనిపిస్తుంది. వినదు. వినకపోగా నన్నే నాలుగు మాటలని పంపిస్తుంది. న్యాయమంతా తన వైపే ఉందన్న ఆ నమ్మకంతో అనే నాలుగు మాటలూ వినాలని ఈ మధ్య నాకు మహా కోరికగా ఉంటోంది.